గుమ్మం దాకా డప్పు

ప్లెయిన్స్‌బరో చుట్టుపక్కల తెలుగువాళ్ళ పండుగ ఏది జరిగినా నా డప్పుకి ఒక హద్దు ఉంటుంది. సంఘం వాళ్ళు హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంటారు. కార్లు ఆగే చోట నేను మొదలుపెడతాను. ముందు నేను, వెనక పట్టుచీరలు, ఆ వెనక పల్లకీలో దేవుడో, దేవుడు ఖాళీగా లేకపోతే ముఖ్య అతిథో. గాజు తలుపుల దాకా దరువు. అక్కడికి రాగానే సంఘం సెక్రటరీ వేణు చెయ్యి పైకెత్తుతాడు, నేను ఆపుతాను. జనం లోపలికి పోతారు, లోపల వీణ మొదలవుతుంది. నేను డప్పును డిక్కీలో పెట్టి వచ్చి వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను.

వేణు మంచివాడు. ఏటా ఫోన్ చేసి, "సాయిలన్నా, ఈసారి గుమ్మం దాకా అదరగొట్టాలి" అంటాడు. ఆ 'దాకా' ఎవరు పెట్టారో అతనికి తెలియదు, నేను అడగలేదు. జనగామ దగ్గర మా ఊళ్ళో మా తాత డప్పు కూడా గుడి గుమ్మం దాకానే. నేను మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగానికి వీసా కోసం ఎన్ని కాగితాలు నింపానో నాకు తెలుసు. ఆ మాట ఒక్క కాగితం లేకుండా నాతో వచ్చేసింది.

అలా గాజు తలుపుల దగ్గర ఆగిన ఒక రోజున, చేతిలో తాళాల గుత్తితో ఒకావిడ బయటికొచ్చింది. ఆ స్కూల్లో మ్యూజిక్ టీచర్, పేరు మారిస్సా వీరాసామి. గయానా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ ముత్తాతలను మద్రాసు రేవులో ఓడ ఎక్కించి అక్కడి చెరకు తోటల్లో దింపారట. నా డప్పు వైపు వేలు చూపించి, "ఇది మా అమ్మవారి గుడిలో ఉండేది. మా తాత కొట్టేవాడు" అంది.

మా తాత కొడితే పక్క జిల్లాలో చెరువులు గండిపడేవని చెప్పాను. ఆవిడ కళ్ళయినా ఆర్పకుండా, మా తాత కొడితే మొసళ్ళు ఒడ్డుకొచ్చి పూజకి కూర్చునేవి అంది. యాభై మూడేళ్ళకి నాకొక జోడీ దొరికింది.

తర్వాత ఆవిడ నా కారు బానెట్ మీద రెండు చేతులతో ఒక దరువు వేసింది. మాది కాదు, అలాగని పరాయిదీ కాదు. మా దరువే ఓడెక్కి పోయి, ఏ కాలికో దెబ్బ తగిలి, ఆ కుంటి నడకనే నాట్యంగా మార్చుకున్నట్టుంది. నేను అందుకున్నాను. బానెట్ మీద ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

మారిస్సా అప్పటికే ఆర్కెస్ట్రా కోసం ఒక రచన చేస్తోంది. మూడు భాగాలు. మొదటిది చెరకు కోత పాట మీద, రెండోది పెళ్ళి ముందురోజు ఆడవాళ్ళు పాడే పాట మీద, మూడోది ఈ అమ్మవారి డప్పు మీద. ఓర్లాండోలో ఒక ఆర్కెస్ట్రా దాన్ని జూన్ మొదటి ఆదివారం వాయిస్తానంది. అక్కడ కరీబియన్ జనం ఎక్కువ. డప్పు నువ్వే వాయించాలి అంకుల్ సై, అంది. వాళ్ళల్లోనూ పెద్దవాళ్ళని అంకుల్ అంటారు. స్టేజీ మీదా అని అడిగాను. మరెక్కడ అంది.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

మీలో ఎవరైనా డప్పుతో అమెరికాలో తిరగదలిస్తే ఒక మాట. విమానం వద్దు. పైనున్న అరలో అది పట్టదు. కింద సామాన్లలో వేస్తే ఆ చలికి తోలు చిట్లుతుంది. డల్లాస్ పెళ్ళికి పోయినప్పుడు నాకు ఆ శాస్తి జరిగింది. రైలే మేలు. ట్రెంటన్‌లో శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఎక్కితే శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఓర్లాండో. టికెట్టు నూటముప్పై డాలర్ల పైచిలుకు, సీటు వెనక్కి వాలుతుంది, కాళ్ళు చాపుకోవచ్చు.

నా భార్య స్వరూప నన్ను ట్రెంటన్ దాకా కారులో తీసుకొచ్చింది. డప్పును ఏనుగుల బొమ్మలున్న దుప్పట్లో చుట్టి, నలుచదరపు సంచిలో పెట్టింది తనే. పులిహోర డబ్బా, జొన్నరొట్టెలు, చల్ల మిరపకాయలు ఇంకో సంచిలో. స్టేషన్ ముందు కారు ఆపి, ఇంజిను ఆపకుండానే అడిగింది.

"ఏమయ్యా, ఆడ మంట ఎట్ల పెడ్తవ్?"

అదే అసలు ప్రశ్న. డప్పు గురించి తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మేకతోలు వేడెక్కితే బిగుస్తుంది, అప్పుడే గొంతు పలుకుతుంది. చల్లబడినా చెమ్మ తగిలినా వదులైపోతుంది. అందుకే వాయించే ముందు మంట మీద కాచుకోవాలి. ఊళ్ళో అయితే ఎండు గడ్డి. ప్లెయిన్స్‌బరోలో అయితే కారు పక్కన చిన్న బొగ్గుల గ్రిల్లు. హాల్లో నిప్పు పెట్టనివ్వరు, ఏసీ మాత్రం ఐస్ ఫ్యాక్టరీలా ఉంటుంది. పైగా అది ఫ్లోరిడా, పైగా జూన్.

"ఏదో ఒకటి చేస్త" అన్నాను.

"హాలు తగలబెట్టకు. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకో" అని, నా మొహం చూసి, గొంతు తగ్గించింది. "గిన్నేండ్లు బయటనే కొట్టినవ్. లోపలికి పోతే కాళ్ళు వణుకుతయ్. వణకనియ్యి. చేతులు వణకకుంటె సాలు."

రైలు అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. టికెట్లు చూసే కండక్టరు నా సంచి చూసి అదేమిటన్నాడు. అప్పడం అన్నాను. మా వైపు పెళ్ళిళ్ళకి ఒకటే చేసి ఊరందరికీ విరిచి పెడతాం అన్నాను. అతను కాసేపు ఆలోచించి, పగలకుండా చూసుకోండి అని వెళ్ళిపోయాడు.

పక్క సీటు ఆవిడ పేరు డొలోరెస్, వయసు డెబ్బై పైన. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయిందట. జాక్సన్‌విల్‌లో చెల్లెలింటికి పోతోంది. అప్పడం కథ ఆవిడ దగ్గర సాగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు అద్దంలో చూస్తూ బస్సు నడిపిన మనిషి. "ఇప్పుడు అసలు విషయం చెప్పు" అంది. చెప్పాను. వాషింగ్టన్ దాటేసరికి ఆవిడకి పులిహోర, నాకు ఆవిడ చేతి పీచ్ కేకు దక్కాయి.

వర్జీనియాలో వాన మొదలైంది. కిటికీ అద్దం మీద నీళ్ళు అడ్డంగా పరుగెడుతుంటే నేను సంచి జిప్పు తీసి, దుప్పట్లోకి చెయ్యి పోనిచ్చి తోలు తడిమాను. జ్వరం పిల్లవాడి నుదురు చూసినట్టు అరగంటకోసారి అదే పని. డొలోరెస్ ఒక కన్ను తెరిచి, "బతికే ఉందా?" అంది. ఇంకా ఉందన్నాను. ఆ తర్వాత నిద్రపోయాం, అంటే ఆవిడ నిద్రపోయింది.

జాక్సన్‌విల్‌లో రైలు కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. సిగరెట్లవాళ్ళు దిగుతారు. డొలోరెస్ పెట్టె దింపడానికి నేనూ దిగాను. ఉదయం తొమ్మిది దాటింది. ఆ గాలి గాలిలా లేదు, వేడినీళ్ళలో పిండిన తువ్వాలు మొహం మీద వేసినట్టుంది. డొలోరెస్ చెయ్యి ఊపుతూ, "పెద్ద బస్సు నడిపేటప్పుడు ఒకటే సూత్రం, ఇరుకు చోట భయపడి ఆపితే ఇంకా ఇరుక్కుంటావు" అంది. సీటుకొచ్చి డప్పు మీద వేలితో కొట్టాను. తడిసిన అట్టపెట్టె పలికింది.

ఓర్లాండోలో మారిస్సా వాళ్ళ కజిన్ వ్యాను తెచ్చింది, అందులో నాకంటే ముందే వచ్చేసిన మారిస్సా, పక్కన మారిస్సా వాళ్ళమ్మ. పైన్ హిల్స్ అనే పేటలో ఒక రోటీ కొట్టుకి తీసుకెళ్ళారు. పప్పు కూరిన పల్చటి రోటీ, మేక మాంసం కూర, మనిషికి ఎనిమిది డాలర్లు. ఆ కొట్టు ఎవరికైనా ధైర్యంగా చెబుతాను. వాళ్ళమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తింటున్నంతసేపు సంచి వైపు చూసి, చివరికి కూతుర్ని ఒకే మాట అడిగింది. "వాయించేది ఆ డప్పేనా, దాని బొమ్మా?"

మారిస్సా నవ్వలేదు. నాకు తర్వాత చెప్పింది. వాళ్ళ తాత పోయాక గుడిలో ఆ డప్పు ఆగిపోయిందట. అమ్మ ముప్పై ఏళ్ళుగా వినలేదు.

రిహార్సల్ సాయంత్రం ఆరింటికి, ఒక కాలేజీ ఆడిటోరియంలో. ఆర్కెస్ట్రా నడిపే ఆవిడ పేరు హెలెన్, అరవై ఏళ్ళుంటాయి, మోకాలికి పట్టీ కట్టుకుని ఎత్తు స్టూలు మీద కూర్చుంటుంది. ఈవిడనీ కండక్టరే అంటారు. ఒకే ప్రయాణంలో ఇద్దరు కండక్టర్లను చూశాను, ఇద్దరూ టైమ్ దగ్గర మొహమాటం లేనివాళ్ళే. నన్ను పెర్కషన్ వాళ్ళ పక్కన నిలబెట్టారు. కజిన్ వ్యానులో తెచ్చిన గ్రిల్లు మీద, కార్ల దగ్గర డప్పు కాచుకుని తీసుకొచ్చాను. స్టేజీ మీదికి వచ్చినప్పుడు కంచులా ఉంది.

మొదటి భాగంలో వయొలిన్లు, చెలోలు చెరకు కోత పాటని ఎత్తుకున్నాయి. విల్లు తీగ మీద పడిన ప్రతిసారీ కొడవలి పడినట్టు కోసుకుపోయే పాట. రెండోదాంట్లో ఫ్లూటు కొంటెగా ఏదో అడుగుతుంటే ట్రంబోన్లు తాగిన మేనమామల్లా జవాబు చెబుతాయి. నాకు నవ్వొచ్చింది, డప్పు సంగతి మరిచిపోయాను. మూడో భాగం మొదట్లో వయొలిన్లన్నీ ఒకే స్వరం మీద నిలబడతాయి, సన్నగా. హెలెన్ నా వైపు చూసింది. కుడిచేతిలో సిర్ర అనే లావుపాటి పుల్ల, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. మారిస్సా బానెట్ మీద వేసిన ఆ కుంటి దరువు మొదలుపెట్టాను.

డప్పు పలకలేదు. ఎవరో పరుపు దులుపుతున్నట్టు వినిపించింది.

మొదటి రెండు భాగాలు పూర్తయ్యేసరికే ఏసీ దాన్ని తినేసింది. హెలెన్ మర్యాదస్తురాలు. డ్రెస్సింగ్ రూములో హెయిర్ డ్రయ్యర్ పెట్టి మళ్ళీ ప్రయత్నించమంది. స్టేజీ మీదికి తెచ్చి నిలబడి ఎదురుచూసేలోపు మళ్ళీ అదే పరుపు. మూడోసారి కూడా అయ్యాక ఆవిడ మారిస్సాని పిలిచి మెల్లగా మాట్లాడింది. వెనక మూల నల్ల ముసుగేసి పెద్ద బాస్ డ్రమ్ ఉంది. రేపు కూడా ఇలాగే ఉంటే ఆ దరువు దాని మీద వాయిద్దాం, శ్రుతి నిలబడుతుంది అంది. ఆవిడ మాటలో తప్పేం లేదు. నలభై మంది కష్టం నా మేకతోలు మీద ఆధారపడి ఉంది.

మోటల్ గదిలో ఏసీ ఆపేసి, డప్పును మంచం మీద పెట్టి, నేను కుర్చీలో కూర్చున్నాను. స్వరూప ఫోన్ చేసింది. పలకలేదే అన్నాను. "ఈడ పలుకుతదిగా, పార్కింగ్ లాట్ల" అంది. అక్కడ కాచి వెంటనే కొడతాను కదా, నిలబడి ఎదురుచూడను కదా అన్నాను. ఆ మాట అని, నేనే ఆగిపోయాను.  "మరి ఆడ కూడా బయటికెల్లే లోపలికి రా" అంది స్వరూప.

ఆదివారం పొద్దున్నే హెలెన్‌కి చెప్పాను. నేను స్టేజీ మీద కూర్చోను. బయట ఉంటాను. మూడో భాగం రాగానే డప్పు కాచుకుని ప్రేక్షకుల తలుపులోంచి వాయించుకుంటూ వస్తాను. మధ్య దారిలో నడిచి స్టేజీ ఎక్కుతాను.

"మీరు తలుపు దగ్గరికి వచ్చేదాకా వయొలిన్లు ఆ స్వరాన్ని పట్టుకుని ఉండాలి" అంది హెలెన్.

"ఉండగలవా?"

"ఉంటాయి. కానీ విల్లు లాగినట్టు ప్రేక్షకుల ఓపికని లాగలేం. ఎక్కువసేపైతే నేను బాస్ డ్రమ్‌కి సైగ చేస్తాను. నన్ను తిట్టుకోకండి."

ఒకసారి నడిచి చూశాం. కాచిన డప్పు తలుపు దాటి, దారి దాటి, స్టేజీ మీద చివరి దెబ్బ దాకా నిలబడింది, ఆ చివర కాస్త గొంతు బొంగురుపోయింది. హాలు మేనేజరు వెనక తలుపు దగ్గరుండే ఒకమ్మాయిని పరిచయం చేసి, ఈయన రాగానే తలుపు తియ్యి అని చెప్పాడు. ఆమె బొటనవేలు చూపించింది. రెండో భాగం మొదలవగానే మారిస్సా నాకు ఫోన్‌లో మెసేజ్ పంపాలని ఒప్పందం.

కచేరీ మూడింటికి. ముందు ఏవో రెండు పాత ఐరోపా రచనలు, ఇంటర్వెల్, ఆ తర్వాత మాది. ఇంటర్వెల్లో నేను గ్రిల్లు రాజేశాను. బొగ్గు ఎర్రబడింది. అప్పుడు పడమటి నుంచి మబ్బు వచ్చింది.

ఫ్లోరిడా మధ్యాహ్నం వాన గురించి విన్నాను గానీ చూడలేదు. మా వైపు వాన ముందు చినుకుగా వచ్చి పరిచయం చేసుకుంటుంది. ఇది తలుపు తన్ని వచ్చింది. గొడుగు పట్టేలోపు గ్రిల్లు బుస్సుమని ఆవిరి కక్కి చచ్చిపోయింది. పోర్టికో కిందికి లాగబోతే సెక్యూరిటీ అతను కప్పు కింద నిప్పు కుదరదన్నాడు, ఆర్పేసిన నిప్పు అయినా సరే. డప్పును పొట్టకి హత్తుకుని వ్యాన్‌లోకి దూరాను. మారిస్సా మెసేజ్ వచ్చేసింది. రెండో భాగం మొదలైంది.

వ్యాన్‌లో అగ్గిపెట్టె కూడా లేదు. అద్దాలన్నీ నా ఊపిరికి మసకబారాయి. కజిన్ ఇచ్చిన తాళంతో ఇంజిను స్టార్ట్ చేస్తే, అలవాటుగా చెయ్యి పోయి ముందు అద్దం మంచు కరిగించే బటన్ నొక్కింది. న్యూజెర్సీలో జనవరిలో పొద్దునపూట అందరం నొక్కే బటనే. అద్దం కింది సందుల్లోంచి గాలి కొట్టింది. వేడి గాలి.

ఇంజిను రైజ్ చేసి, వేడి పూర్తిగా తిప్పి, డప్పును డాష్‌బోర్డు మీద అద్దానికి ఆనించాను. తోలు కిందికి, గాలికి ఎదురుగా. బయట తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్, లోపల కొలిమి. చెమట కళ్ళలోకి కారుతుంటే ప్రతి కొద్దిసేపటికీ వేలితో కొట్టి చూశాను. టప్. టప్. డప్. తర్వాత, కొంచెం ఆగి, ఖణ్ మంది. పండుగకి పండుగకి నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళిన కార్లలో ఏదీ ఇంత ఉపకారం చెయ్యలేదు.

డప్పుని దుప్పట్లో చుట్టి, పైన చెత్తసంచి తొడిగి, వానలో పరుగెత్తాను.

తలుపు దగ్గర ఆ అమ్మాయి లేదు. ఇంటర్వెల్లో డ్యూటీ మారిందట. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన, చేతిలో చిన్న టార్చితో నిలబడి ఉన్నాడు. తలుపు సందులోంచి సన్నగా వినిపిస్తోంది, ఒకే స్వరం. వయొలిన్లు పట్టుకుని నిలబడ్డాయి.

"లోపల సంగీతం నడుస్తోంది సార్" అన్నాడు నెమ్మదిగా. "చప్పట్లు పడేదాకా తలుపు తియ్యం."

"ఆ సంగీతంలో నేనున్నాను."

ఆయన నన్ను చూశాడు. నెత్తి మీంచి నీళ్ళు, చేతిలో చెత్తసంచి, అందులోంచి ఏనుగుల దుప్పటి. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఏదో ఒకటి చెబుతారు సార్" అన్నాడు, జాలిగా.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎన్ని కోతలు కోశానో లెక్కలేదు. చెరువులు తెంపాను, అప్పడాలు పెళ్ళికి పంపాను, అన్నీ చెల్లాయి. చెప్పక చెప్పక ఒక నిజం చెబితే అది నా జీవితంలోకెల్లా పెద్ద అబద్ధంలా వినిపించింది. లోపల స్వరం ఇంకా ఉంది. కానీ ఒక వైపు కొద్దిగా సన్నబడింది. ఎవరి చెయ్యో అలిసిపోతోంది. స్టేజీ మూలలో ముసుగు తీసిన బాస్ డ్రమ్ నా కళ్ళకి కట్టింది. చేతుల్లో తోలు వేడి తగ్గుతోంది.

దుప్పటి లాగేశాను. డప్పు భుజానికి తగిలించుకుని, మూసి ఉన్న తలుపు ముందు మొదటి దెబ్బ వేశాను.

పెద్దాయన చెయ్యి పైకి లేచింది, ఆపు అన్నట్టు. ఆ చెయ్యి నాకు బాగా తెలుసు. ఏటా గాజు తలుపుల దగ్గర లేచే చెయ్యే. అలవాటుగా నా మోచేతులు బిగుసుకున్నాయి, సిర్ర గాల్లో ఆగబోయింది. కాళ్ళు వణికాయి. వణకనిచ్చాను. రెండో దెబ్బ వేశాను, మూడోది, తర్వాత ఆ కుంటి నడక మొత్తం.

లోపల వయొలిన్ల స్వరం ఒక్కసారిగా లావెక్కింది. హెలెన్‌కి వినిపించింది. పెద్దాయన తల తలుపు వైపు తిప్పి విన్నాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ఎత్తిన చెయ్యి దిగి తలుపు పిడిని పట్టుకుంది. తలుపు బరువైనది. రెండు చేతులతో లాగి, తన వీపుతో ఆపి పట్టుకున్నాడు.

గుమ్మం మీద చిన్న ఇత్తడి పట్టీ ఉంది. దాన్ని దాటాను. దాటాక కూడా డప్పు మోగుతూనే ఉండటం కాసేపు నాకే వింతగా ఉంది.

దారి పొడుగునా తలలు తిరిగాయి. నా బూట్లు తడికి కిచకిచలాడాయి. స్టేజీ మీద చెలోలు నా దరువులోకి వచ్చాయి, తర్వాత ట్రంపెట్లు. అందరూ నేలని ఒకే కాలితో తొక్కుతున్నట్టుంది. మూడో వరసలో మారిస్సా వాళ్ళమ్మ కనిపించింది. ఆవిడ నన్ను చూడటం లేదు. వంగి, చెప్పుల పట్టీలు విప్పుతోంది. గుడిలో ఆ మోత వినబడితే కాళ్ళకి చెప్పులు ఉంచుకోరు. విప్పినవి సీటు కిందికి తోసి, ఆ చల్లటి కార్పెట్ మీద వట్టి పాదాలు ఆనించి, నిటారుగా కూర్చుంది.

స్టేజీ ఎక్కాక తోలు జారడం మొదలైంది. మధ్యలో కొడితే మెత్తబడుతోంది. అంచుకి జరిగాను, అక్కడ ఇంకా బిగువుంది. అంచు అంచునే కొడుతూ, ఒక్కో దెబ్బకి ఇదే చివరిదేమో అనుకుంటూ ముగింపు దాకా వచ్చాను. హెలెన్ రెండు చేతులూ దించేసరికి నా డప్పులో ఇంకో నాలుగు దెబ్బలకి మించి ప్రాణం లేదు.

చప్పట్ల గురించి నేను చెబితే మీరు నమ్మరు కాబట్టి వదిలేస్తున్నాను. వెనక గదిలో మారిస్సా నా తడి చొక్కా మీద వాలి ఏడ్చింది. మొసళ్ళు వచ్చాయా అని అడిగాను. తలుపు దగ్గర ఒకటి నల్లకోటు వేసుకుని నిలబడిందట కదా అంది. వాళ్ళమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. డప్పు తోలు మీద అరచెయ్యి ఆనించి, అది చల్లారేదాకా అలాగే ఉంచింది. "బొమ్మ కాదు" అంది.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక తిరుగు రైలు. సామాను మీద రెండు డబ్బాల పప్పు రోటీ అదనం. పక్క సీట్లో ఒక కాలేజీ అబ్బాయి, సంచిలో ఏముందని అడిగాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, వాన, వ్యాను, అద్దం మీద వేడి గాలి, మూసిన తలుపు, అన్నీ. అంతా విని, "చాలా బాగా చెబుతారండీ కథలు" అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదే. రైలు హాయిగా ఉంటుంది, జాక్సన్‌విల్‌లో ఒకసారి దిగండి, పైన్ హిల్స్‌లో రోటీ తినండి. హాలు గురించి మాత్రం ఏమీ చెప్పలేను. తలుపు తెరుచుకుంటుందని ముందుగా నాకెవరూ చెప్పలేదు. 

మంగళవారం ఉదయం, ట్రెంటన్ దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది. వేణు. వచ్చే నెల సంఘం వార్షికోత్సవమట.

"సాయిలన్నా, ఎప్పట్లాగే మనదే ముందు. గుమ్మం దాకా అదరగొట్టాలి."

"కొడదాం గానీ, ఏసీ కొంచెం తగ్గించి పెట్టించు. డప్పుకి పడదు."

 "పార్కింగ్ లాట్లో ఏసీ ఏంటన్నా?" అన్నాడు.

"నేను చెప్తున్నది లోపల హాల్ల సంగతి" అన్నాను.